సాష్ ఎందుకు పైకుందో ఎవరూ అడగరు

బెంగళూరు కెమిస్ట్రీ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళకి ఈ మెయిల్ బాగా పరిచయం. ఎక్కడో చిన్న ఫ్లాష్ ఫైర్ అవుతుంది, లేదా ఎవరికో కళ్ళు మండి ఫస్ట్ ఎయిడ్ రూముకి పరిగెడతారు, రెండ్రోజుల్లో ఈహెచ్‌ఎస్, అంటే కంపెనీ సేఫ్టీ డిపార్ట్‌మెంట్ నుంచి అందరికీ మెయిల్, ఎర్ర అక్షరాల్లో "సాష్ మార్క్ దాటి పైకెత్తి పనిచేస్తే చర్య తీసుకోబడును" అని, కింద ఒక ఫోటో, అందులో ఎవరిదో ఫ్యూమ్ హుడ్ (రియాక్షన్ ఆవిర్లని బయటికి లాగేసే పెద్ద గూడు), దాని సాష్, అంటే ముందు పైకీ కిందకీ జారే గ్లాస్, తలకాయ పైదాకా ఎత్తేసి ఉంటుంది. ఆ వారమంతా ఫ్లోర్ మొత్తం గ్లాసులు కిందకే ఉంటాయి. పై వారం మళ్ళీ మామూలే.

నా గొడవంతా ఆ ఫోటోతోనే. ఆ ఫోటో తీసినాయన గ్లాస్ ఎంత ఎత్తులో ఉందో చూశాడు గానీ హుడ్ లోపల ఏముందో చూడలేదు. చూసుంటే గ్లాస్ ఎందుకు పైకి లేచిందో అక్కడే తెలిసిపోయేది. జీడిమెట్లలో మొదలుపెట్టి ఇప్పుడు బొమ్మసంద్ర వైపు ల్యాబుల్లో పనిచేస్తూ నేను గమనించింది ఏంటంటే, హుడ్ తప్పుగా వాడటం అనేది ముప్పావు వంతు జాగా సమస్య, కెమిస్ట్ ఒళ్ళు దగ్గరపెట్టుకోకపోవడం అనేది మిగతా పావు వంతే. కానీ ట్రైనింగులు, పోస్టర్లు, క్విజ్‌లు, వార్నింగులు అన్నీ ఆ పావు వంతు మీదే పడి ఏడుస్తాయి. ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

ముందు హుడ్ ఏం చేస్తుందో కాస్త లెక్కేసుకుందాం, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. హుడ్ వెడల్పు ఒకటిన్నర మీటర్లు అనుకుందాం, గ్లాస్ 45 సెంటీమీటర్లు, అంటే మనమంతా చెప్పుకునే 18 అంగుళాల మార్క్ దాకా ఎత్తాం. ఆ సందులోంచి గాలి సెకనుకి అర మీటరు వేగంతో లోపలికి పోవాలి, మనవాళ్ళు 100 ఎఫ్‌పీఎమ్ (నిమిషానికి 100 అడుగులు) అంటారే, అదే. గుణిస్తే సెకనుకి 0.34 ఘనపు మీటర్లు. పది పన్నెండు అడుగుల బెడ్‌రూములో గాలి మొత్తాన్ని రెండు నిమిషాల్లోపే మింగేస్తుందన్నమాట, ఒక్క హుడ్డు. ఇప్పుడు అదే హుడ్‌కి గ్లాస్ 75 సెంటీమీటర్ల దాకా ఎత్తండి. పైన టెర్రస్ మీద బ్లోయర్ అదే, అది లాగే గాలి అంతే, తలుపు మాత్రం పెద్దదైంది, కాబట్టి వేగం 0.3కి పడిపోతుంది. గ్లాస్ పైకెత్తొద్దు అనేదాని వెనకున్న లెక్క ఇదే, దీంతో నాకేం పేచీ లేదు. గ్లాస్ కిందకుంటే ఏదైనా పేలినా మొహానికి అడ్డం ఉంటుంది, అది ఇంకో లాభం.

పేచీ ఎక్కడంటే, ఈ వేగం అంకె మీద మనవాళ్ళకున్న భక్తి దగ్గర. ప్రతి హుడ్ మీదా ఒక స్టిక్కర్ ఉంటుంది, ఎనమోమీటర్ పట్టుకుని ఎవరో వచ్చి గ్లాస్ సందులో అక్కడక్కడా వేగం కొలిచి, సగటు తీసి, 102 ఎఫ్‌పీఎమ్, పాస్, నెక్స్ట్ డ్యూ డేట్, సంతకం. ఆ రోజు హుడ్ ఖాళీ చేయిస్తారు చాలా చోట్ల, "సార్ క్యాలిబ్రేషన్ వాళ్ళొస్తున్నారు, సామాను తీసేయండి" అని. అంటే మనం ఎప్పుడూ వాడని స్థితిలో హుడ్‌కి పరీక్ష పెట్టి, పాసైందని స్టిక్కర్ అంటించి, ఆ తర్వాత సామానంతా మళ్ళీ లోపల పెట్టుకుని దానికింద పనిచేస్తాం!

గాలి లోపలికి పోతుంది అనేది ఒకటి, లోపలున్న ఆవిరి బయటికి రావట్లేదు అనేది వేరే. రెండోది కదా మనకి కావాల్సింది. ఇది కళ్ళారా చూడాలంటే పెద్ద ఖర్చేం కాదు, డ్రై ఐస్ మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, మైనస్ 78 రియాక్షన్లకి ఎసిటోన్‌లో వేసుకోడానికి తెప్పించేదే. (కొన్ని చోట్ల అగరుబత్తి వెలిగించి పొగ చూస్తారు. సాల్వెంట్ ఉన్న హుడ్‌లో నిప్పు పెట్టి సేఫ్టీ చెక్ చేయడమేంటో నాకైతే అర్థం కాలేదు ఇప్పటికీ.) కొత్తగా చేరిన పిల్లలకి చూపిద్దామని ఒకసారి ఒక బీకరులో గోరువెచ్చటి నీళ్ళు పోసి రెండు మూడు డ్రై ఐస్ ముక్కలు వేశాం. ముందు ఖాళీ హుడ్‌లో పెట్టాం, అంచు నుంచి జానెడు లోపలికి. తెల్లటి పొగ బీకరు అంచు దాటి కిందకి జారి, హుడ్ నేలనంటుకుని పాక్కుంటూ వెనక్కి వెళ్ళి, వెనక గోడకి ఉండే పలకల అడుగున ఉన్న సందులోకి, అదే బాఫిల్ స్లాట్‌లోకి దూరిపోయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

అదే బీకరు పక్క హుడ్‌లో పెట్టాం, నిజంగా పని జరుగుతున్న హుడ్. వెనక వరసలో రెండున్నర లీటర్ల వించెస్టర్ బాటిళ్ళు గోడకి ఆనించి వరుసగా ఉన్నాయి, డీసీఎమ్ (డైక్లోరోమీథేన్), ఇథైల్ ఎసిటేట్, హెక్సేన్, మెథనాల్, అన్నీ సాల్వెంట్లే. పొగ వెనక్కి వెళ్ళింది, బాటిళ్ళకి తగిలింది, ఆగింది. అక్కడే మడుగు కట్టి మెల్లగా ముందుకి రావడం మొదలుపెట్టింది. హుడ్ అంచు దగ్గర రేకు వంపు తిరిగి ఉంటుందే, ఎయిర్‌ఫాయిల్, గాలి నేలని తుడుచుకుంటూ లోపలికి పోడానికి పెట్టేది, దాని మీద ఎవరో టీఎల్‌సీ ప్లేట్ల డబ్బా, నోట్‌బుక్ పెట్టారు, కాబట్టి అక్కడ తుడిచే గాలి కూడా లేదు. సరిగ్గా అప్పుడే మా వెనకనుంచి ఒకతను చేతిలో ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్క్ పట్టుకుని గబగబా నడిచెళ్ళాడు. పొగ నాలుక చాపినట్టు అంచు దాటి బయటికొచ్చి మా బెల్టుల దగ్గర విడిపోయింది. పైన డిస్‌ప్లేలో అంకె పచ్చగానే ఉంది, 98.

డ్రై ఐస్ పొగ చల్లగా బరువుగా ఉంటుంది, అన్ని ఆవిర్లూ అలాగే ప్రవర్తించవు, కాబట్టి దీన్ని అసలైన పరీక్ష అనను. కానీ ఆ ఒక్క పొగ నేర్పింది నలభై స్లైడ్ల పవర్‌పాయింట్ నేర్పలేదు. మనిషి మామూలుగా నడిచినా సెకనుకి మీటరు పైనే కదులుతాడు, హుడ్ లాగేది అర మీటరు, ఇంక ఎవరు గెలుస్తారు. ఏసీ గాలి నేరుగా హుడ్ మొహం మీదకి కొట్టినా అంతే, తలుపు ధడాలున తీసినా అంతే.

ఇంకోటి, మనం హుడ్ ముందు నిలబడటమే ఒక అడ్డం. కాలవలో మోకాలి లోతులో నిలబడితే నీళ్ళు కాళ్ళని చుట్టుకుని దాటాక అవతలి వైపు చిన్న సుడి తిరుగుతాయి చూడండి, హుడ్ ముందు మనకి అవతలి వైపు అంటే మన ఛాతీకి గ్లాసుకి మధ్యనున్న జాగా, ఆ సుడి అక్కడే తిరుగుతుంది, సరిగ్గా మన ముక్కు కింద. అంచు దగ్గర పెట్టిన బీకరులోంచి వచ్చేది ఆ సుడిలో పడి పైకి, మొహం దాకా వస్తుంది. అందుకే ఏ పని చేసినా ఆరంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు లోపలికి పెట్టి చేయమనేది. వేగం పెంచేస్తే పోదా అంటారు కొందరు, మా పాత ల్యాబులో ఒక పెద్దాయన 150 పైన పెట్టించేవాడు, ఎంత లాగితే అంత మంచిదని. ఆ వేగంలో సుడి ఇంకా ముదురుతుంది, తూకం వేసిన పౌడర్ ఎగిరిపోతుంది, బ్యాలన్స్ నిలకడగా ఉండదు. 80 నుంచి 120 మధ్య ఉంచమనేది ఊరికే కాదు.

సరే, జాగా సంగతి. శుక్రవారం సాయంత్రం ఏ ల్యాబుకైనా వెళ్ళి ఒక హుడ్ ముందు నిలబడండి. రెండు రియాక్షన్లు నడుస్తుంటాయి, ఒకటి ఆయిల్ బాత్ మీద రిఫ్లక్స్‌లో, ఒకటి ఐస్ బాత్‌లో, మధ్యలో నైట్రోజన్ బెలూన్ ఊగుతుంటుంది, పక్కన సెపరేటింగ్ ఫన్నెల్ స్టాండు, సోడియం సల్ఫేట్ డబ్బా, హాలోజినేటెడ్ వేస్ట్ కేన్ ఒకటి, నాన్ హాలోజినేటెడ్ కేన్ ఒకటి, రెండిటి మీదా ఫన్నెల్ అలాగే ఉంటుంది మూత పెట్టకుండా, వెనక బాటిళ్ళ వరస, కుడి మూల నాలుగు ఆర్‌బీలు, కార్క్ రింగుల మీద, వాటిమీద స్కెచ్ పెన్నుతో ఏదో నోట్‌బుక్ పేజీ నంబర్. ఆ నంబర్ ఎవరిదని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎందుకంటే ఆ అబ్బాయి రిజైన్ చేసి హైదరాబాద్ వెళ్ళిపోయి చాలాకాలమైంది, ఫ్లాస్కులో ఏముందో తెలీదు కాబట్టి పారబోయడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇంత సామాను మధ్యలో వెనకున్న స్టిరర్ నాబ్ తిప్పాలంటే చెయ్యి ఎలా పోతుంది? గ్లాస్ ఎత్తాలి, భుజం లోపల పెట్టాలి, ఒక్కోసారి తల కూడా. ఈహెచ్‌ఎస్ వాళ్ళ ఫోటోలో ఉన్నది ఆ క్షణం.

ఒక హుడ్‌ని ఇద్దరు కెమిస్ట్‌లకి ఇచ్చి, వారానికి ఇన్ని కాంపౌండ్లు అని టార్గెట్ పెట్టి, హుడ్ ఖాళీగా ఉంచండి అని చెప్పడంలో ఉన్న న్యాయం నాకు కనపడదు.

వేస్ట్ కేన్ల సంగతే తీసుకోండి. ప్రమాదకర వ్యర్థాల మీద మన దేశంలో 2016 నాటి రూల్స్ ఉన్నాయి, సాధారణంగా 90 రోజుల దాకా నిల్వ ఉంచుకోవచ్చని. అది వెనకాల వేస్ట్ యార్డుకి సంబంధించిన మాట. కానీ యార్డు నిండిందనో, వెండర్ బండి రాలేదనో, పై ఫ్లోర్ నుంచి దింపే మనిషి సెలవులో ఉన్నాడనో కేన్లు హుడ్‌లోనే ఉండిపోతాయి, పై రూల్ ఎక్కడా బ్రేక్ అయినట్టు కాగితం మీద కనపడదు. కనపడేదల్లా కెమిస్ట్ గ్లాస్ ఎత్తడమే. ఫన్నెల్ తీయకుండా వదిలేసిన కేన్‌లోంచి రాత్రంతా డీసీఎమ్ ఆవిరైపోయి టెర్రస్ మీదనుంచి బొమ్మసంద్ర గాలిలో కలుస్తుంది, పొద్దున వచ్చి "వేస్ట్ తగ్గిందే" అని సంతోషపడే ప్రబుద్ధులు కూడా ఉన్నారు. సాల్వెంట్‌ని హుడ్‌లో ఆవిరి చేసి వదిలించుకోవడం వేస్ట్ డిస్పోజల్ కాదు నాయనా.

సామాను గుంపులో ఏం జరుగుతుందో చెప్పడానికి అందరూ చెప్పే కేసే ఒకటుంది. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజెలెస్‌లో, యూసీఎల్‌ఏలో, షెరీ సాంగ్జీ అనే 23 ఏళ్ళ రీసెర్చ్ అసిస్టెంట్ టెర్ట్ బ్యూటైల్ లిథియం సిరంజితో తీస్తుంటే ప్లంజర్ ఊడి బయటికొచ్చేసింది, గాలి తగలగానే అంటుకునే సరుకు అది. ఒంటిమీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెట్టర్ ఉంది. 18 రోజుల తర్వాత చనిపోయింది. ఈ కథ మన ట్రైనింగుల్లో ఎప్పుడు చెప్పినా ల్యాబ్ కోటు దగ్గర ఆపేస్తారు. అదే హుడ్‌లో మూత లేని హెక్సేన్ ఫ్లాస్క్ ఒకటుంది, ఆ హడావుడిలో అదీ దొర్లి అంటుకుంది, ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఆ ఫ్లాస్క్ అక్కడ లేకపోతే ఆ అమ్మాయి బతికేదని నేననను, నాకేం తెలుసు. కానీ పైరోఫోరిక్, అంటే అలా గాలికే అంటుకునే సరుకు తీసే హుడ్‌లో ఆ పనికి అక్కర్లేని సాల్వెంట్ ఒక్క చుక్క కూడా ఉండకూడదు అని చెప్పాలంటే, ఆ సాల్వెంట్ పెట్టుకోడానికి ఇంకో చోటు చూపించాలి కదా.

ఇదంతా ఒకసారి మా పాత టీమ్ లీడర్‌తో టీ దగ్గర వాదిస్తే ఆయన ఒక మాటన్నాడు. "జాగా ఇస్తే జాగా నింపుతారు స్వామీ, మీ సంగతి నాకు తెలీదా. రెండు హుడ్లిస్తే రెండూ గోడౌన్లే." నిజమే, ఇది తీసిపారేసే మాట కాదు. మా ఫ్లోర్‌లో ఒకప్పుడు ఎవరికీ కేటాయించని హుడ్ ఒకటి ఉండేది, అది నెల తిరక్కుండానే బాటిళ్ళ బీరువా అయిపోయింది. కాబట్టి జాగా ఒక్కటే ఇస్తే సరిపోదు, ఆ జాగా ఎవరిదో కూడా తేల్చాలి. ఫ్లాస్క్ మీద పేరు, తేదీ, లోపల ఏముంది, ఈ మూడూ లేకపోతే శుక్రవారం అది టీమ్ లీడర్ టేబుల్ మీదకి ఫోటోగా వెళ్ళాలి, రిజైన్ చేసేవాడికి హెచ్‌ఆర్ నో డ్యూస్ మీద సంతకం పెట్టేముందు వాడి ఫ్లాస్కులన్నీ తేలాలి. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగిచ్చాడో లేదో చూసేవాళ్ళు ఆర్‌బీలో వదిలేసిన అజైడ్ (పేలే రకం సరుకు) సంగతి అడగరు, అదీ మన కంపెనీల వరస.

జాగా గురించి అడిగితే వచ్చే రెండో సమాధానం డబ్బు. ఇదీ అబద్ధం కాదు. హుడ్ కొనడంతో అయిపోదు, అది బయటికి పారేసే గాలికి బదులు అంతే గాలి లోపలికి తెచ్చి, చల్లబరిచి ఇవ్వాలి. పై లెక్క ప్రకారం ఒక హుడ్ గంటకి 1200 ఘనపు మీటర్లు, ఇరవై హుడ్లుంటే 24 వేలు, అంతా ఏసీ చేసిన గాలే, అంతా టెర్రస్ మీదకే. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్ళ అంచనాలో ఒక్క హుడ్ ఏడాదికి తినే ఎనర్జీ అక్కడి మూడున్నర ఇళ్ళ వాడకంతో సమానం. బెంగళూరు వాతావరణం కాస్త నయం, చెన్నై అంబత్తూరులో ఉన్న మా ఫ్రెండ్ అయితే ఆ ఉక్కపోత గాలిని ఆరబెట్టి చల్లార్చడానికే వాళ్ళ కరెంటు బిల్లు సగం పోతుందని వాళ్ళ ఫెసిలిటీ హెడ్ ఏడుస్తుంటాడంటాడు. అందుకని ఎక్కువ చోట్ల చేసేదేంటంటే, హుడ్లు పెంచుతారు గానీ లోపలికొచ్చే గాలి పెంచరు. గుర్తుపట్టడం తేలిక, ల్యాబ్ తలుపు కారిడార్ వైపు నుంచి లాగితే రాదు, రెండు చేతులతో గుంజాలి, సందులోంచి ఈల వేస్తుంది. అప్పటికి హుడ్లు ఒకదాని గాలి ఒకటి లాక్కుంటున్నాయని అర్థం. మేం ఫెసిలిటీ వాళ్ళని పిలిచి తలుపు చూపిస్తే వచ్చినాయన హింజ్‌కి ఆయిల్ వేసి "ఇదు నమ్మ ప్రాబ్లం అల్ల సార్" (ఇది మా సమస్య కాదు సార్) అని వెళ్ళిపోయాడు.

ఇంకో తమాషా, "గ్లాస్ దించండి, కరెంటు ఆదా చేయండి" అని పోస్టర్లు. వేరియబుల్ వాల్యూమ్ హుడ్లకి అది నిజం, గ్లాస్ దించితే గాలి తగ్గుతుంది, ఆదా అవుతుంది. మేముండే బిల్డింగ్‌లో ఉన్నవి కాన్‌స్టంట్ వాల్యూమ్, గ్లాస్ దించితే పైన బైపాస్ సందులోంచి అదే గాలి పోతుంది, ఒక్క యూనిట్ కూడా మిగలదు. పోస్టర్ మాత్రం ఎవరో ఇంటర్నెట్‌లోంచి తీసి ప్రింట్ కొట్టించారు, ప్రతి హుడ్ మీదా ఒకటుంది.

ఇప్పుడు మన పావు వంతు తప్పు దగ్గరికొస్తా, లేకపోతే అంతా మేనేజ్‌మెంట్ మీద తోసేశాడు అంటారు. మనవాళ్ళకి ముక్కు మీద నమ్మకం ఎక్కువ. "వాసన రావట్లేదన్నా, బానే ఉంది" అని మొన్నటి బ్యాచ్ కుర్రాడు కాలమ్ (కాంపౌండ్లని విడదీసే పొడుగాటి గాజు గొట్టం) హుడ్ బయట బెంచి మీద వేసుకుంటూ నాతో అన్నాడు, ఇథైల్ ఎసిటేట్ కూడా కాదు, డీసీఎమ్ మెథనాల్ కాలమ్. "తమ్ముడూ, డీసీఎమ్ నీ ముక్కుకి తెలిసేసరికి గాలిలో సాధారణంగా 100 పీపీఎమ్, అంటే పది లక్షల్లో వంద వంతులు దాటిపోయుంటుంది, అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళు 2024లో ఎనిమిది గంటల లిమిట్‌ని 2 పీపీఎమ్‌కి తెచ్చారు" అంటే నవ్వాడు, మనం అమెరికాలో లేంగా అని. ఊపిరితిత్తులకి వీసా అక్కర్లేదురా అన్నా.

ముక్కుని నమ్మడం మనకి డిగ్రీలోనే అలవాటవుతుందనుకుంటా. బీఎస్సీ సాల్ట్ అనాలసిస్ చేసినవాళ్ళకి కిప్స్ ఆపరేటస్ గుర్తుండే ఉంటుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసనేసే హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) గ్యాస్ అందులోంచే వచ్చేది. మా కాలేజీలో అది ఒక చెక్క కప్‌బోర్డులో ఉండేది, దాని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకి బూజు పట్టి తిరిగేది కాదు, పైన సీలింగ్ ఫ్యాన్ మాత్రం ఫుల్ స్పీడులో తిరుగుతూ ఆ గ్యాస్‌ని క్లాసంతా సమానంగా పంచేది. కాసేపటికి వాసన పోయేది, హమ్మయ్య అనుకునేవాళ్ళం. గ్యాస్ ఎక్కడికీ పోలేదు, ముక్కు అలవాటుపడి ఊరుకుంది. ఇంకా ఎక్కువైతే, 100 పీపీఎమ్ దగ్గర హెచ్‌టూఎస్ వాసన పట్టే నరాన్నే మొద్దుబారుస్తుంది, ఇంకా పైకి, 500, 700 దాకా వెళ్తే మనిషి నిమిషాల్లో పడిపోతాడు, వాసన మాత్రం ఉండదు. డైమిథైల్ సల్ఫేట్‌కి చెప్పుకోదగ్గ వాసనే లేదు, పీల్చినప్పుడు ఏమీ అనిపించదు, గంటలు గడిచాక గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతినడం బయటపడుతుంది. మిథైలేషన్‌కి రోజూ వాడేదే కదా అని దాన్ని మామూలు సీసాలా తీసే చేతుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో నమ్మకం, హుడ్‌లో చేస్తే చాలు అని. హుడ్ ఆవిరిని ఆపుతుంది, చర్మానికి తగిలేదాన్ని ఆపదు. 1996 ఆగస్టులో డార్ట్‌మత్ కాలేజీలో కారెన్ వెటర్‌హాన్ అనే ప్రొఫెసర్ డైమిథైల్ మెర్క్యురీతో పనిచేస్తుంటే కొన్ని చుక్కలు గ్లౌజు మీద పడ్డాయి. హుడ్‌లోనే ఉన్నారు, గ్లౌజులు వేసుకున్నారు, అప్పటి జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. ఆ లేటెక్స్ గ్లౌజులోంచి ఆ ద్రవం సెకన్లలో దిగిపోతుందని ఆ తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో చనిపోయారు, విష లోహాల మీదే రీసెర్చ్ చేసిన మనిషి. మన ల్యాబుల్లో ఏ సాల్వెంటైనా, ఏ రీఏజెంటైనా అదే నీలం నైట్రైల్ గ్లౌజు, డీసీఎమ్ దాన్ని ఎంత తొందరగా దాటుతుందో ఎవరూ చూడరు. చుక్క పడిందా, అప్పటికప్పుడు గ్లౌజు మార్చాలి, వర్కప్ (రియాక్షన్ తర్వాత సరుకు వేరుచేసే పని) అయ్యేదాకా ఆగకూడదు.

లామినార్ ఫ్లో బెంచి సంగతి రెండు ముక్కల్లో. బయోటెక్ నుంచి వచ్చినవాళ్ళు దాన్నీ హుడ్ అనే పిలుస్తారు. హారిజాంటల్ లామినార్ ఫ్లోలో గాలి లోపలినుంచి మన మొహం మీదకి వస్తుంది, శాంపిల్‌ని కాపాడటానికి, మనల్ని కాదు. అందులో సాల్వెంట్ తెరిస్తే నేరుగా మన ముక్కులోకే. డక్ట్ లేకుండా కార్బన్ ఫిల్టర్‌తో నడిచే హుడ్లు చిన్న స్టార్టప్‌లు ఇష్టంగా కొంటాయి, అద్దె బిల్డింగ్‌లో టెర్రస్‌కి పైపు వేయనివ్వరు కాబట్టి. డీసీఎమ్, మెథనాల్ లాంటి తేలిక సాల్వెంట్లని కార్బన్ సరిగా పట్టుకోదు, అలాంటి చోట కాలమ్ వేస్తే పీల్చినట్టే. పెర్‌క్లోరిక్ యాసిడ్ వేడి చేయాలంటే దానికి వేరే హుడ్డే ఉండాలి, డక్ట్ నీళ్ళతో కడుక్కునేది, లేదంటే పైపుల్లో పేరుకున్న పెర్‌క్లోరేట్లు ఎప్పుడో రిపేరుకి వచ్చిన పాపానికి ఎవరో పనివాడి చేతిలో పేలుతాయి.

కరెంటు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఇది రోజూ ఉండే గొడవ. వానాకాలం సాయంత్రం బెస్కామ్ కరెంటు పోతుంది, లైట్లు ఒక్కసారి కొట్టుకుని యూపీఎస్ మీద వెలుగుతాయి, జనరేటర్ అందుకుంటుంది, ఎవడి పనిలో వాడుంటాడు. చాలా బిల్డింగుల్లో టెర్రస్ మీద బ్లోయర్ తనంతట తాను మళ్ళీ స్టార్ట్ కాదు, ఎవరో పైకెళ్ళి స్టార్టర్ నొక్కాలి. ఆ మధ్యలో హీటింగ్ మాంటిల్ నడుస్తుంది, స్టిరర్ నడుస్తుంది, హుడ్ మాత్రం చచ్చిపోయి ఉంటుంది. దానికోసమే అలారం పెట్టారు, లో ఫ్లో అని అరుస్తుంది. కానీ మామూలు రోజుల్లో కూడా గ్లాస్ కొంచెం ఎత్తితే అరిచి అరిచి ప్రాణం తీస్తుందని ఎవరో దాని బజర్ రంధ్రం మీద సెల్లో టేప్ అంటించేశారు. ఒకటి కాదు, వరుసలో సగం హుడ్లకి ఉన్నాయి ఆ టేపులు, పాతబడి పసుపు రంగుకి తిరిగాయి. ఇక్కడ కూడా టేప్ అంటించినవాణ్ణి పట్టుకుందాం అంటారు ఈహెచ్‌ఎస్ వాళ్ళు. అలారం అన్నిసార్లు ఎందుకు మోగుతుందో చూద్దాం అనరు.

కరెంటు పోతే చేయాల్సింది చాలా సింపుల్. వేడి తీసెయ్యాలి, ఆయిల్ బాత్ కిందకి దించాలి, దానికోసమే ల్యాబ్ జాక్ మీద పెట్టమనేది, చేత్తో వేడి బాత్ ఎత్తక్కర్లేకుండా. ఏం కలుపుతున్నా ఆపాలి. గ్లాస్ పూర్తిగా దించి బయటికి వచ్చేయాలి, బ్లోయర్ వచ్చి కాసేపు నడిచాకే మళ్ళీ తెరవాలి. దీనికి డ్రిల్ చేసిన ల్యాబ్ నేనింతవరకు చూడలేదు. ఫైర్ డ్రిల్ మాత్రం ఏడాదికోసారి, అందరం కిందకెళ్ళి పార్కింగ్‌లో సెల్ఫీలు.

ఇంతకీ నేనడిగేదేంటంటే, ఆ ఎర్రక్షరాల మెయిల్ బదులు హుడ్‌కి అసలు పరీక్ష పెట్టించండి. ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) 110 అని ఒక పద్ధతి ఉంది, 1985 నుంచీ ఉంది. వేగం కొలుస్తారు, పొగ వదిలి చూస్తారు, ఆ తర్వాత హుడ్ లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే ట్రేసర్ గ్యాస్ నిమిషానికి 4 లీటర్ల చొప్పున వదిలి, బయట ఒక బొమ్మ మనిషిని నిలబెట్టి ఆ బొమ్మ ముక్కు దగ్గర ఎంత గ్యాస్ చేరిందో కొలుస్తారు. అందులో మూడు రకాలు, ఫ్యాక్టరీలో తయారైనప్పుడు, ల్యాబులో బిగించినప్పుడు, వాడుతున్నప్పుడు. ఈ మూడోది మనకి కావాల్సింది, సామానుతో సహా, ఉన్నదున్నట్టు. మన దగ్గర ఎక్కువమంది మొదటి రెండూ చేయించి, ఆ కాగితం ఆడిట్ ఫైల్‌లో పెట్టి, మూడోది ఎత్తరు. ఎందుకంటే అది ఫెయిలైతే తప్పు ఎవరిదో కాగితం మీద తేలిపోతుంది, ఈసారి కెమిస్ట్ ఫోటోతో సరిపెట్టడం కుదరదు.

మేం అడిగాం. కొటేషన్ వచ్చింది, ప్రస్తుతానికి పర్చేజ్ దగ్గర ఉంది. ఈలోపు మా బేలో చేసిన పనులు రెండే, వేస్ట్ కేన్లని హుడ్ కిందున్న ఎగ్జాస్ట్ ఉన్న కేబినెట్‌లోకి మార్చాం, పెద్ద పెద్ద సామాను కింద రెండంగుళాల స్టాండ్లు పెట్టి గాలి అడుగునుంచి పోయేలా చేశాం. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అరవకుండానే చాలా గ్లాసులు 45 దగ్గరే ఉంటున్నాయి. కాలమ్ వేసేవాళ్ళవి తప్ప. మీటరు పొడుగు కాలమ్ ఆ ఎత్తులో పట్టదు, దానికి వాకిన్ హుడ్ (నేల దాకా ఉండే పెద్ద హుడ్) కావాలి, అది ఉన్నది ఫ్లోర్ మొత్తానికి ఒక్కటి, ప్రస్తుతం అందులో పాత రోటా (సాల్వెంట్ ఆవిరి చేసే మిషన్) ఒకటి, విరిగిన కుర్చీలు రెండు ఉన్నాయి.